ఫైనల్‌లో ఆ ట్యాకిల్

కాన్‌బెర్రా శివారు గంగాలిన్‌లో ఆదివారం మధ్యాహ్నం. యూనివర్సిటీ రోజుల్లో ఎదురెదురు జట్లకు ఫుటీ, అంటే రగ్బీ, ఆడిన ఇద్దరు మిత్రులు ఒకడి ఇంట్లో టీవీ ముందు కూర్చున్నారు. తెర మీద ఉన్నది పాత మ్యాచ్‌లను మనమే మళ్ళీ తయారుచేసుకుని ఆడే వీడియో గేమ్.

"ఇన్ని మంచి మ్యాచ్‌లుండగా, నీ దవడ పగిలిన ఫైనలే దొరికిందా నీకు?" అన్నాడు వచ్చినవాడు.

"క్లాసిక్ కదరా! బంతి నాది. గుద్దేది నువ్వే. కంట్రోలర్ పట్టు."

"ఎన్నేళ్ళు చెప్పాలిరా? ఫుల్ స్పీడ్‌లో ఉన్నా, ఆగలేకపోయా."

"తెలుసులే. బటన్ మీంచి వేలు తీస్తే ఆగిపోతావ్. ఆడు."

తెర మీద తన బొమ్మ పరిగెత్తుతుంటే ఇంటివాడికి ఎడమ దవడ మళ్ళీ సలిపింది.

"ఇదిగో, పాస్ చేసేశా. నా చేతిలో బంతి లేదు, గుద్దితే ఫౌల్. ఇంక వదిలెయ్‌రా!"

"ఉండు, ఉండు..."

"వేలు తియ్!"

మిత్రుడి బొమ్మ భుజం వచ్చి ఇంటివాడి బొమ్మ మొహాన్ని గుద్దింది. తల వెనక్కి విరిగింది. పళ్ళూ నెత్తురూ గడ్డి మీద చెదిరాయి. బొమ్మ కుప్పకూలాక కూడా మిత్రుడి బొటనవేలు బటన్ మీదే బిగుసుకుని ఉంది.

"చూశావుగా! ఆ స్పీడ్‌లో ఎవడు మాత్రం ఆగగలడ్రా?"

ఇంటివాడు దవడ నిమురుకున్నాడు.

"స్పీడ్ సగానికి తగ్గించి పెట్టాన్రా."