వాన తప్పు లేని ఏడాది

నా పదవీ విరమణ సభకు అధ్యక్షత వహిస్తున్న మా పరిశోధన కేంద్రం సంచాలకులు గారికి, నాకు ఈ ఉద్యోగంలో ఓనమాలు నేర్పి ఇవాళ మోకాళ్ళ నొప్పిని కూడా లెక్కచేయకుండా ఇన్ని మెట్లెక్కి వచ్చిన మా గురువుగారికి, ముందు వరుసలో కూర్చున్న గడ్డి రైతుల సంఘం అధ్యక్షులు గారికి, వేట సంఘం సభ్యులకు, వాళ్ళ మధ్య చేతులు కట్టుకుని అక్క ఏం మాట్లాడి పరువు తీస్తుందోనని చూస్తున్న మా తమ్ముడికి, నాతో కొండలెక్కి, వానల్లో తడిసి, అన్నింటికీ మించి నా విసుగును భరించిన తోటి ఉద్యోగులకు, అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఒకావిడ గురించి చాలా గొప్పగా చెప్పారు. వింటూ ఉంటే ఆవిడను నాకూ పరిచయం చేసుకోవాలనిపించింది. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు కానీ, నా వెనక కట్టిన ఈ గుడ్డ మీద ‘కొండకౌజులను కాపాడిన అమ్మ’ అని రాయించారు చూడండి, దాన్ని గుమ్మంలో నిలబడి చదివి, నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోబోయాను. మా మరదలు చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. రాయించినవాళ్ళు ప్రేమతోనే రాయించారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ కాపాడాను అనడానికి ఆ పిట్ట ఉండాలి కదండీ. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ కేంద్రం వెనక గుమ్మం తెరిస్తే చాలు, పొదల్లోంచి దాని పిలుపు వినపడేది. మా గురువుగారు ఫోనులో మాట్లాడుతూ “ఉండండి, ఈ కౌజుల గోలలో మీ మాట వినపడటం లేదు” అనేవారు. ఇప్పుడు ఫోనులో మాటలు బాగా వినపడుతున్నాయి.



మర్యాదకు నాలుగు మంచిమాటలు చెప్పి దిగిపోదామనే వచ్చాను. కానీ ఈ ఏడాదంతా నాకు అద్దంలో ముఖం చూసుకోవాలన్నా సిగ్గుగానే ఉంది. ఆ సిగ్గు పడవలసిన పని మీ అందరి ఎదుటే, పట్టపగలు, ఇదే హాల్లో జరిగింది కనుక దాచడానికి కూడా ఏమీ లేదు. కాకపోతే అప్పుడు మీలో చాలామంది చప్పట్లు కొట్టారు. అందుకే మళ్ళీ చెప్పవలసి వస్తోంది.

ఉద్యోగుల పిల్లలు వచ్చారు, వాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళతాను. కొండకౌజు గుడ్డులోంచి బయటికి వచ్చాక మొదటి రోజుల్లో గింజ ముట్టదు. దానికి పురుగు కావాలి, మెత్తటి పురుగు, గడ్డిలో కాళ్ళ దగ్గరే దొరికే పురుగు. చలి కాలం ముందే వెళ్ళిపోయి ఎండ ముందే ముదిరితే పురుగులు ముందే పుట్టి ముందే పోతాయి. తల్లి మాత్రం తన అలవాటు ప్రకారమే గుడ్లు పెడుతుంది. పిల్లలు బయటికి వచ్చేసరికి వాటి ముందు ఖాళీ గడ్డి ఉంటుంది. దానికి తోడు ఇంకా ఈకలైనా సరిగా రాని పిల్లల మీద అకాలపు చల్లటి వాన పడితే తల్లి రెక్కల కింద ఎన్నింటినని దాచుకుంటుంది? ఇది మా కేంద్రంలో మేము ఏళ్ళ తరబడి చూసి రాసిన సంగతి, ఇందులో అబద్ధం లేదు. భూమి వేడెక్కుతోంది, దాని దెబ్బ ఈ పిట్టకు తగులుతోంది.

మా తమ్ముడు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. మా నాన్న వేటగాడు, మమ్మల్నిద్దరినీ కుక్కలతో పాటు కొండమీద తిప్పి పెంచాడు. వాడికి తుపాకీ వచ్చింది, నాకు దుర్భిణీ వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో భోజనానికి కూర్చున్నామంటే, కంచాలు పెట్టకముందే యుద్ధం మొదలయ్యేది.

“నీ వాతావరణం సంగతి తర్వాత చూద్దాంలే అక్కా. నక్కలెన్ని పెరిగాయో చూశావా? డేగల్ని చూశావా?” అనేవాడు.

“నక్కలు మన నాన్న రోజుల్లో లేవా? కిందవైపు పొదలన్నీ కొట్టేసి ఒకే రకం చెట్లు నాటితే, నక్కకు కౌజు దొరక్క ఏం చేస్తుంది? అయినా, మీరు కాల్చే తుపాకుల మాటేమిటి?”

“మేం కాల్చేది ఎంత? ప్రతిదానికీ ఎండ ఎక్కువైంది, వాన ఎక్కువైంది అంటావు. ఎండను ఎవడు పట్టుకుంటాడు? ఎవడి మీదా కేసు పెట్టక్కర్లేని కారణం భలే దొరికింది నీకు!”

“ముందు తినండి, తిన్నాక కొట్టుకుందురు గాని, చల్లారిపోతే మళ్ళీ వేడి చేసేది నేను” అని మా మరదలు గరిటె పట్టుకుని మధ్యలో నిలబడేది. (నవ్వులు) ఆవిడ లేకపోతే మా అక్కాతమ్ముళ్ళ బంధం ఎప్పుడో తెగిపోయేది.

ఎవడి మీదా కేసు పెట్టక్కర్లేని కారణం అని వాడు కోపంలో విసిరిన మాటను అప్పుడు నేను పట్టించుకోలేదు. చదువులేని మాట అని కొట్టిపారేశాను.

కిందటేడు వేట అనుమతుల మీద ఇక్కడ బహిరంగ విచారణ పెట్టారు. మీరంతా వచ్చారు. వేదిక మీద మా సంచాలకులు గారి పక్కన నేను కూర్చున్నాను. వేటగాళ్ళు గొడవ చేస్తారని అనుకున్నాం, ఇద్దరు కాపలావాళ్ళను కూడా గుమ్మం దగ్గర నిలబెట్టాం. మా తమ్ముడు లేచాడు. గొడవ చేయలేదు. తన జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, మళ్ళీ తీసేసి, “ఈ ఏడు మా సంఘంలో ఒక్కడు కూడా కౌజు మీద తుపాకీ ఎత్తడు. మీరు ఆపమనక్కర్లేదు, మేమే ఆపుకుంటాం. కానీ గడ్డి రైతులు కూడా ఒక మాట ఇవ్వాలి. పిల్లలకు రెక్కలొచ్చేదాకా, కౌజులు గూళ్ళు పెట్టే పై గడ్డి పొలాల్లో కోత యంత్రం దింపకూడదు” అన్నాడు.

హాలంతా గుసగుసలు. గడ్డి సంఘం అధ్యక్షులు గారు లేచి, ఆయన ఇక్కడే ఉన్నారు, నేను ఆయన మాటను మార్చి చెబితే సరిదిద్దవచ్చు, “కోత ఆలస్యమైతే గడ్డి ముదిరిపోతుంది, పశువులు ముట్టవు. మా నష్టం సరే, దానివల్ల పిట్ట బతుకుతుందని గ్యారంటీ ఏమిటి?” అని అడిగారు. న్యాయమైన ప్రశ్న.

మా తమ్ముడు నావైపు తిరిగాడు. నలుగురిలో ఎప్పుడూ నన్ను ‘మేడమ్’ అనేవాడు, ఆ రోజు అలా అనలేదు.

“అక్కా, నువ్వు చెప్పు. కోత ఆపితే పిట్ట బతుకుతుందా, లేదా?”

నాకు జవాబు తెలుసు. కొండకౌజు భయమేస్తే ఎగరదు, గుడ్ల మీద ఇంకా గట్టిగా కూర్చుంటుంది. నక్క నుంచి దాన్ని కాపాడేది ఆ కదలకపోవడమే, యంత్రానికి దాన్ని అప్పగించేదీ ఆ కదలకపోవడమే. బతుకుతుంది అని ఒక్క మాట చాలు. కానీ మా కేంద్రం నిలబడిన ఈ స్థలం గడ్డి సంఘం ఇచ్చినది. కొత్త ప్రయోగశాలకు పక్క స్థలం అడుగుతూ ఉన్నాం. సంచాలకులు గారు నాకేమీ చెప్పలేదు, కనీసం నావైపు చూడను కూడా లేదు. నాకు నేనే భయపడ్డాను. మైకు దగ్గరికి లాక్కుని, భూమి ఎంత వేడెక్కిందో చెప్పాను, దూరదేశాల పొగగొట్టాల గురించి చెప్పాను, సముద్రాల గురించి చెప్పాను, చివర్లో “ఇంత పెద్ద మార్పు ముందు స్థానికంగా మనం చేయగలిగినది పరిమితమే” అన్నాను.

ఆ మాటతో కుర్చీల్లో జనం వెనక్కి వాలడం నాకు కనిపించింది. ఎవరిదీ తప్పు కాదని ఒక చదువుకున్న మనిషి చెబితే ఎంత హాయిగా ఉంటుందో ఆ ముఖాల్లో చూశాను. చప్పట్లు కొట్టారు. నేను నిజాలే చెప్పాను. ఒక నిజాన్ని తెచ్చి ఇంకో నిజానికి అడ్డంగా నిలబెట్టాను. అబద్ధమాడినా ఇంత సిగ్గు పడేదాన్ని కాదేమో.

మా తమ్ముడు మెల్లగా కూర్చున్నాడు. అంతే.

కోతకు ఎవరూ మాట ఇవ్వలేదు. కానీ వేటగాళ్ళు తమ మాట తప్పలేదు. నేను ఇన్నేళ్ళూ సభల్లో ఎవరిని ఆడిపోసుకున్నానో, ఆ మనుషులే ఎదుటివాళ్ళు ఒప్పుకోకపోయినా తుపాకులు అటకెక్కించారు. సంఘంలోని కుర్రాళ్ళు గొణుక్కుంటే తమ్ముడే సర్దిచెప్పాడట.

ఆ ఏడు వసంతం ఎలా వచ్చిందో మా తోటివాళ్ళకు గుర్తుంటుంది. ఎండ తొందరపడలేదు. పురుగులు సమయానికి పుట్టాయి, గడ్డి కదిలిస్తే చాలు, ముఖం మీదికి లేచేవి. వాన ఎప్పుడు రావాలో అప్పుడు వచ్చింది, ఎంత కురవాలో అంతే కురిసింది. ఎన్నో ఏళ్ళ తర్వాత అలాంటి కాలం దొరికింది. అందుకే పై పొలాల్లో కౌజులు చాలా గూళ్ళు కట్టాయి. మేం కుక్కను వెంటబెట్టుకుని వెళితే పిట్ట వాసన తగిలి అది అడుగడుక్కీ తోక బిగించి నిలబడిపోయేది.

కోత రోజున నేను వెళ్ళాను. వెళ్ళకపోతే బాగుండేది. నేను చేరేసరికి పొలం నున్నగా ఉంది, కోసిన గడ్డి వాసన కమ్మగా వస్తోంది. యంత్రం ఆపి, నడిపేవాడు దిగి దూరంగా నిలబడ్డాడు, నన్ను చూసి టోపీ తీశాడు. అక్కడక్కడా ఈకలు. ఒక తల్లి గూటి మీదే ఉంది. తల లేదు. కింద గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి, చేత్తో తాకి చూశాను కనుక చెబుతున్నాను.

(“అక్కా, కొంచెం నీళ్ళు తాగు” అని వేట సంఘం సభ్యుల మధ్య నుంచి తమ్ముడి గొంతు.)

తాగుతాను, ఉండరా.

ఆ పొలంలో నిలబడి, అలవాటు కొద్దీ కారణం వెతికాను. ఎండ మీద తోయడానికి లేదు, వాన మీద తోయడానికి లేదు. ఆ ఏడు వాన తప్పు చేయలేదు.

తర్వాత చాలా ఆదివారాలు తమ్ముడి ఇంటికి వెళ్ళలేకపోయాను. ముఖం చెల్లలేదు. ఒక రోజు మరదలే ఫోన్ చేసి, “వదినా, మీ తమ్ముడు నీతో మాట్లాడడు, నాతో మాట్లాడడు, కుక్కతో మాత్రం మాట్లాడుతున్నాడు. ఇంట్లో ఈ మౌనం నావల్ల కాదు, నువ్వు రా” అంది. వెళ్ళాను. వాడు వసారాలో కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు.

“తప్పయిపోయిందిరా” అన్నాను.

నూనె గుడ్డ పక్కన పెట్టాడు. “నువ్వు అబద్ధం చెప్పి ఉంటే తిట్టేవాణ్ణి. నిజం చెప్పి నా నోరు మూయించావు, అది మింగుడుపడలేదు” అన్నాడు. ఆ తర్వాత ఇంకో మాట అన్నాడు, వాడి అనుమతి అడగకుండా చెబుతున్నాను, తర్వాత తిడితే పడతాను. “నేను మాత్రం తక్కువేం తిన్నానా? పై శిఖరం మీద ఊటలు ఎండిపోవడం నా కళ్ళతో చూస్తూనే ఉన్నాను. అక్కడ యంత్రం లేదు, తుపాకీ లేదు, అయినా పిట్ట లేదు. అది ఎందుకో తెలిసీ నక్క అన్నాను, డేగ అన్నాను. నువ్వు చెప్పింది ఒప్పుకుంటే, ఇక నా చేతిలో ఏమీ మిగలదనిపించేది.”

ఇద్దరం ఒకే పని చేశామండీ. నా చేతిలో ఉన్నదాన్ని తప్పించుకోవడానికి నేను ఆకాశం చూపించాను. ఆకాశాన్ని తప్పించుకోవడానికి వాడు నక్కను చూపించాడు. మేం ఎవరిది ఒప్పు అని తేల్చుకుంటూ ఉండగా, అక్కడ పిట్ట తగ్గుతూ పోయింది.

మర్నాడు ఇద్దరం కలిసి గడ్డి సంఘం అధ్యక్షులు గారి ఇంటికి వెళ్ళాం. విచారణలో మీరు అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను అన్నాను. వేడిని మనం ఇక్కణ్ణుంచి ఆపలేం, కానీ మంచి కాలం వచ్చిన ఏట తల్లులు బతికి ఉంటేనే చెడ్డ ఏళ్ళను తట్టుకోవడానికి పిట్టలు మిగులుతాయి, కోత ఆపితే బతుకుతాయి అన్నాను. ఆయన నన్ను లోపలికి రమ్మన్నారు, కూర్చోమన్నారు, ఆ తర్వాత “ఆ రోజే చెప్పి ఉంటే ఆ రోజే ఒప్పుకునేవాణ్ణేమోనమ్మా” అన్నారు. ఆ మాట ఇప్పటికీ నిద్రలో గుచ్చుకుంటుంది. చెప్పి ఉంటే చాలు, ఇంకేమీ చేయనక్కర్లేదట.

ఈ ఏడు ఆయన తన సొంత పొలాల్లో కోత ఆపారు. మిగతావాళ్ళు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన పొలంలో గుడ్లు పిల్లలయ్యాయి, చూశాను, తల్లి వెనక వరుసగా గట్టు దాటాయి. అది విజయమని చెప్పను. పై శిఖరం ఖాళీగానే ఉంది, ఈసారి వాన కూడా అదను తప్పి కురిసింది. అయినా కొన్ని మిగిలాయి. అయ్యా, అధ్యక్షులు గారూ, ఈ సభలో అందరి ముందు మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. (చప్పట్లు) ఈ చప్పట్లు సరైన మనిషికి పడ్డాయి.

సంచాలకులు గారూ, నా మాటలు మీకు ఇబ్బంది కలిగిస్తే క్షమించండి. ఆ రోజు మీరు నన్ను ఆపలేదు, నేనే ఆగిపోయాను. నా స్థానంలో వస్తున్న అమ్మాయి అక్కడ గోడ పక్కన నిలబడి ఉంది. అమ్మా, నిన్ను ప్రశ్న అడిగినప్పుడు, అడిగినదానికే జవాబు చెప్పు. రెండు కారణాలుంటే రెండూ చెప్పు. హాల్లో ఎవరికీ కోపం రాలేదంటే, ఏదో ఒకటి మింగేశావేమో చూసుకో.

నన్ను భరించిన మీ అందరికీ, నన్ను పిలిచి అన్నం పెట్టిన మరదలికి, నన్ను ప్రశ్న అడిగిన తమ్ముడికి కృతజ్ఞతలు. మిగిలిన పొలాల కోత మీద మళ్ళీ విచారణ ఉందని తెలిసింది. అప్పటికి నాకు హోదా ఉండదు, వేదిక మీద కుర్చీ ఉండదు. వచ్చి మీ మధ్య కూర్చుంటాను. అడిగితే చెబుతాను. అడగకపోయినా లేచి చెబుతాను.

ఇక సెలవు ఇప్పించండి.