ఆక్స్‌ఫర్డ్ వానలో బూట్లు

ఆక్స్‌ఫర్డ్‌లో ఓ పాత కాలేజీ చర్చి గుమ్మంలో, దెందులూరు రైతు రామకోటయ్య ఉత్త మేజోళ్ళతో నిలబడి జోరువానకేసి చూస్తున్నాడు. పక్కనే భార్య. కూతురూ అల్లుడూ కారు తేవడానికి వెళ్ళారు.

"అందరూ బూట్లతోనే వెళ్తున్నారు, విప్పక్కర్లేదే అని చెప్పానా లేదా?"

"ఏ దేవుడైనా దేవుడేనండీ. చెప్పులతో ఎలా వెళ్తాం?"

"ఇప్పుడు చూడు, నా జత ఎవడో తొడుక్కుపోయాడు."

"ద్వారకా తిరుమలలో మా అన్నయ్య చెప్పులు పోతే మీరేమన్నారు? పట్టిన శని వదిలింది, సంతోషించండి బావగారూ అన్లేదూ?"

"అవి మీ అన్నయ్యవి."

"ఇవి మీవేగా? మీ శనీ వదిలిందనుకోండి."

రామకోటయ్య గొంతు తగ్గించాడు.

"నావి నిన్నటి వానకి నానిపోయాయే. ఇవి అల్లుడివి. రేపు ఉద్యోగం ఇంటర్వ్యూకని కొత్తవి కొనుక్కున్నాడు. జాగ్రత్త మావయ్యగారూ అని మరీ మరీ చెప్పి ఇచ్చాడు."



"అయితే వదిలింది అల్లుడుగారి శని. రేపు ఉద్యోగం వచ్చి తీరుతుంది. ఆ మాటే ధైర్యంగా చెప్పండి."

"నువ్వే చెప్పు."

"చెప్తాను గానీ, పదండి, ఇంకాసేపు లోపల కూర్చుందాం."

"మళ్ళీ ఎందుకే? కారొచ్చే వేళయింది."

ఆవిడ గుమ్మం పక్కన బుద్ధిగా ఉన్న తన చెప్పులకేసి దిగులుగా చూసింది.

"నావింకా ఇక్కడే ఉన్నాయండీ."