ఓర్ఫా సమాధిలో మందుపాతర

ఒహాయో, 1881. చర్చి వెనక శ్మశానంలో ఏదో పేలిన చప్పుడుకి లొవీనా, ఆమె భర్త అసాహెల్ తెల్లవారుతుండగానే పరుగెత్తుకొచ్చారు. నిన్న పూడ్చిన కూతురి గోతి పక్కన ఒకడు పడి ఉన్నాడు.

“చచ్చాడా?”

“లేదు. మోకాలి కింద కాలు లేదు. దీపం ఇలా పట్టు... లొవీనా, వీడు టూనిస్.”

“ఏ టూనిస్?”

“ఏ టూనిస్ ఏంటి, మన ఓర్ఫాకి శవపెట్టె చేసినవాడు.”

“నిన్న ఏడ్చాడే. నా చెయ్యి పట్టుకుని మరీ ఏడ్చాడే.”

“మందుపాతర సంగతి వీడికి తెలీదు. వీడు వెళ్ళాకే కదా, శవాల దొంగలు తవ్వితే పేలేలా పెట్టె మీద పెట్టాను.”

“మంచి పని చేశావు. పద ఇంటికి.”

“ప్రాణం ఉందే. వదిలేసి ఎలా పోతాం?”

“డాక్టరు చదువుల కుర్రాళ్ళు కోసుకోడానికి నా పిల్లని అమ్మబోయాడు. వీడినే అమ్ము వాళ్ళకి, ఇంకా వెచ్చగా ఉన్నాడు.”

“అమ్మా... నేను తీసుకెళ్ళడానికి రాలేదమ్మా.”

“మరి? పూలు పెట్టడానికొచ్చావా, పార పట్టుకుని?”

“మాట్లాడకు టూనిస్, రక్తం పోతోంది. లొవీనా, ఈ గుడ్డ ఇక్కడ నొక్కి పట్టుకో. గేటు దగ్గర వీడి బండి ఉంది, తోలుకొస్తా. డాక్టరు దగ్గరికి చేరుద్దాం.”

“నేనా? వీడినా?”

“నేనొచ్చేదాకా. చెయ్యి తియ్యకు.”

“సరే, పో.”

“అమ్మా... చెయ్యి తీసేశావేంటమ్మా?”

“నిన్న నువ్వు పట్టుకున్న చెయ్యే ఇది.”

“బండిలో... బండిలో చూడండమ్మా...”

“చూసేదేముంది. ఇంకే తల్లి బిడ్డో ఉంటుంది.”

“పెట్టెలో ఇసుక పోశాను... తప్పైపోయింది... మళ్ళీ పడుకోబెడదామని...”

“ఏం గొణుగుతున్నావు? ఇసుకేంటి? ఎవర్ని పడుకోబెడతావు? ఒరేయ్, కళ్ళు మూయకు. నన్ను చూడు. టూనిస్.”

“లొవీనా.”

“ఏంటి, గేటు దగ్గర్నుంచి ఆ అరుపు?”

“బండిలో మన ఓర్ఫా ఉంది.”

“పెట్టెలో కదా ఉంది.”

“లేదే. ఇక్కడుంది. దుప్పటి కప్పాడు, తల కింద తన కోటు పెట్టాడు. ఒంటి మీద ఎక్కడా కత్తి గాటు లేదు. పూడ్చకముందే అమ్మేసుంటాడు. మనసొప్పక మళ్ళీ తెచ్చాడు, పెట్టెలో పెడదామనే తవ్వాడు. వస్తున్నా, బండి తిప్పుతున్నా. నువ్వు నొక్కే పట్టుకున్నావు కదా?”