డివైడర్‌కి ఆ పక్క

అనకాపల్లి ఊరి మధ్య నుంచి పోయే స్టేట్ హైవే పక్కన ఓ ఇల్లు. మధ్యాహ్నం. వంటగది గుమ్మంలో అత్త దేముడమ్మ, కోడలు ఇందు. బయటి నుంచి వచ్చిన కొడుకు చంద్రమౌళి ఇంకా చెప్పులు విప్పలేదు.

“ఆ గిన్నె కింద పెట్టండత్తయ్యా.”

“సల్లారిపోద్దే.”

“చల్లారనీండి. మీ మనవరాలు దివ్య సైకిల్ మీద పట్టుకెళ్తాది.”

“అది యూటర్న్ దాకా పోయి తిరిగెల్లేసరికి పొద్దోతాది. పట్టికెల్లినా తినిపించీదెవరు? రోడ్డుకి ఆ పక్కింట్లో ఉన్న నా సెల్లి నా సేత్తో ఎడితేనే తింటాది.”

“సరే, ముందు ఇది చెప్పండి. నిన్నటి చీర కుచ్చిళ్ళ కాడ ఎలా చిరిగింది?”

“మేకు పట్టింది.”

“ఏ మేకు?”

“ఏదో మేకు. నీకు వేరే పన్లేదేటి?”

“మోకాలు చెక్కుకుపోయింది కూడా మేకేనా? ఏవండీ, మీరైనా అడగండి మీ అమ్మగారిని.”

“ఏటమ్మా ఇది? టీకొట్టు నానాజీ చెప్పేడు. నిన్న డివైడర్ ఎక్కేవట. చెరకు లారీవోడు బ్రేకు కొట్టకపోతే...”

“కొట్టేడు కదరా మౌళీ.”

“నిన్న కొట్టేడు. రేపు?”

“తిట్టేడు కూడాను. ముసల్దానివి, ఇంట్లో కూకోలేవా అని. బువ్వ తిన్నావా నాయినా అని అడిగేను. మరేటీ అన్లేక ఎల్లిపోయేడు.”

“నవ్వకమ్మా. నాన్న పోయిన చోటు అది.”

“నాకు తెల్దేటి?”

“డివైడర్ వేసేదాకా లేవనని రోడ్డు మీద కూర్చున్నదెవరు?”

“నానే.”

“తలుపులమ్మ పిన్నిని కూడా పక్కన కూర్చోబెట్టుకున్నావు.”

“కూకుంది, నాకోసం. ఎండలో మజ్జిగ తాగుతా ఇద్దరం సాయంత్రం దాకా కూకున్నాం. ఇది కట్టేక మనం ఒకరింటికి ఒకరం ఎలా ఎల్తామే అని ఒక్కదానికైనా తట్టలేదురా.”

“ఇప్పుడనుకుంటే ఏం లాభమమ్మా?”

“మనింటి ఎదర కూసింత దారి వదలమని ఆ రోడ్డాఫీసోళ్ళని అడగరాదేటి?”

“అడిగేనమ్మా. ఖాళీ ఇస్తే మళ్ళీ ఎవరో పోతారు, పట్టుబట్టి వేయించుకున్నది మీ అమ్మగారే కదా అన్నారు.”

“నిజమే మరి.”

“పోనీ, పిన్నినే ఇక్కడికి తెచ్చేద్దామత్తయ్యా.”

“తుంటి ఇరిగినదాన్ని కదపొద్దన్నారు కదే డాక్టరు.”

“వాళ్ళబ్బాయి ధనరాజ్ లేడా?”

“ఆడు పొద్దున్న డ్యూటీకెల్తే మరి రాత్రికే. పగలంతా ఒక్కర్తీ. మంచం మీంచి కిటికీలో మన గుమ్మం కేసే సూత్తంటాది. నాను సెయ్యూపుతాను, అదీ ఊపుతాది. నిన్న ఎంతసేపు ఊపినా అది ఊపలేదు. అందుకే ఎక్కేను.”

“ఏమైందమ్మా పిన్నికి?”

“ఏటీ అవలేదు. ఆకలికి సోలిపోయింది. ముద్ద నోటికందిత్తే కల్లు తెరవకండానే తింది.”

“రోజూ నేను బండి మీద దింపుతాలే.”

“మరి నీ డ్యూటీ?”

“ఆదివారాలు దింపుతాను.”

“ఆదివారాలు.”

“మరేటి చెయ్యమంటావమ్మా నన్ను?”

“నువ్వేటి సేత్తావు నాయినా. నీ సేతిలో ఏటుంది. ఇందూ, కల్లు తుడుసుకో. దివ్యా, ఆ సెల్లు పక్కనెట్టి ఇలా రామ్మా, నువ్వూ ఇను. రేపట్నుంచి నాను ఆ పక్కనే, నా సెల్లి కాడే ఉంటాను. నన్ను సూడాలనిపిత్తే రండి. ఎవులూ డివైడర్ మాత్రం ఎక్కకండి. ఎంత దూరమైనా సుట్టూ తిరిగే రండి.”