రెండో సగం

గినీ దేశం, కంకాన్ ఊరు. తరతరాలుగా వంశాల పొగడ్తలు పాడే సిరిఫో ఇల్లు. మిట్టమధ్యాహ్నం రేకుల కప్పు మీద రాళ్ళు పడుతున్నాయి. లోపల సిరిఫో, అతని భార్య తెనిన్, వాళ్ళింట్లోనే ఉండి గిటారు నేర్చుకుంటున్న డెన్మార్క్ మనిషి ఆండర్స్.

"గడియ పెట్టు తెనిన్! ఆ రోలు కూడా అడ్డం జరుపు!"

"పెట్టానయ్యా, అరవకు. ఆండర్స్, ఆ కిటికీ దగ్గర్నుంచి లే. రాయి తగిలితే కన్ను పోతుంది."

"నాకోసమే వచ్చారమ్మా. తెల్లోడి వేళ్ళు నరుకుతాం అంటున్నారు."

"వినపడుతోందిలేరా, నాకేం చెవుడు లేదు. ఆ కెయిటా వంశంవాళ్ళ వాకిట్లో అసలేం చేశావు?"

"ఏం చెయ్యలేదు బాబా. గిటారు వాయించానంతే."

"ఏం వాయించావు?"

"ఆ ఇంటి పెద్దకొడుకు నాంకోమాన్ అడిగాడు... వాళ్ళ తాతల యుద్ధం పాట."

"చచ్చాం! మామిడితోట కోసం పొద్దుటి నుంచి తమ్ముడితో కొట్టుకు చస్తున్నవాడికా? తండ్రి ఒక్కడే, తల్లులు వేరు, ఒకడంటే ఒకడికి పడి చావదు. పక్కన పాడేవాళ్ళు లేకుండా ఆ పాట ముట్టుకోవద్దని చెప్పానా లేదా?"

"చెప్పారు."

"ఎంతసేపు వాయించావు?"

"చాలాసేపు. మొదటి సగమే... బొటనవేలు లావు తీగ మీద పరిగెత్తే ముక్క. ఎప్పుడూ అంత బాగా కుదర్లేదు బాబా. అందుకని మళ్ళీ మళ్ళీ..."

"మొదటి సగం నెత్తురు మరిగించడానికిరా దరిద్రుడా! చల్లార్చేది రెండో సగం. నేర్పుతానంటే, అది నెమ్మది, తర్వాత చూద్దాం అన్నావు!"

"ఉత్త రాగమే అనుకున్నా. మనిషి లేచి కత్తి తీస్తాడని నాకేం తెలుసు?"

"ఎవర్ని నరికాడు?"

"తమ్ముణ్ణి, ఫామొరోని. చెవి తెగి కింద పడింది. భుజం చీలింది. పైఊరి నుంచి వచ్చిన ఫామొరో బావమరుదులు వంటపాక అంటించారు. ఒకడి చేతిలో తుపాకీ, ఒకడి చేతిలో గొడ్డలి... అమ్మా, నీళ్ళు."

"తాగు. మెల్లిగా తాగు. చొక్కా నిండా ఆ నెత్తురేమిటి?"

"నాది కాదమ్మా."

"నీది కాదని కనపడుతూనే ఉంది. ఎవరిది?"

"ఫామొరోది... అయ్యుంటుంది."

"అవన్నీ తర్వాత తెనిన్! ముందు వాళ్ళను ఆపాలి. పాడేవాళ్ళ నెత్తురు ఈ ఊళ్ళో ఎవడూ చిందించడు. రెండో సగం చెవిన పడితే చాలు, చేతులు దిగుతాయి. నా గొంతా, ఎప్పుడో పోయింది. నువ్వు పాడగలవు గానీ నిన్ను ఆ రాళ్ళలోకి పంపలేను. మన అబ్బాయి కాందే ఏడీ? నీ వెనకే వెళ్ళాడు కదరా?"

"వస్తాడు బాబా."

"ఎక్కడున్నాడు?"

"అక్కడే... పాడుతూ."

"నాకు వినపడదే?"

"ఇందాక పాడాడు. పరిగెత్తుకొచ్చి గిటారు మీద చెయ్యేసి నన్ను ఆపాడు. అన్నదమ్ముల మధ్య నిలబడి రెండో సగం ఎత్తుకున్నాడు. నాంకోమాన్ కత్తి దించాడు కూడా. నిజం, దించాడు."

"దించితే మరి?"

"ఆ పైఊరివాడి గొడ్డలి వెనక నుంచి వచ్చింది."

"ఎవరి మీదికి?"

"బాబా..."

"ఎవరి మీదికిరా!"

"కళ్ళు మూసుకుని పాడుతున్నాడు, చూసుకోలేదు. నేనే పట్టుకున్నా. నా ఒళ్ళోనే... 'అమ్మ దగ్గరికి పో' అన్నాడు. ఇంకేం అనలేదు."

"కాందే! నా తండ్రీ! తెనిన్, ఆ గోడ మీది కత్తి ఇటియ్యి. ముందు వీణ్ణి, ఆ తర్వాత వాళ్ళను..."

"చెయ్యి దించు."

"నీ కొడుకే!"

"నా కొడుకని నాకు తెలీదా? వీడి చొక్కా చూడగానే నా కడుపు చెప్పింది. దించమన్నానా! ఈ ఇంట్లో మనిషి మీదికి కత్తి ఎత్తినవాడు లేడు, ఇప్పుడు నువ్వు ఎత్తకు. ఆండర్స్, గిటారు తియ్యి. వాడు రోజూ పాడుతుంటే విన్నావుగా?"

"విన్నానమ్మా. కానీ ఒక్కసారీ వాయించలేదు. బయటికెళితే చంపేస్తారు."

"చంపనీ. వచ్చినంత వాయించు. ఏమయ్యా, ఏడుపు తర్వాత, ఆ రోలు జరిపి గడియ తియ్యి. ఆండర్స్, వాడు ఎక్కడ ఆపాడో చెప్పు. అక్కణ్ణుంచి నేనెత్తుకుంటా."