మైసమ్మ వాకిట్ల ఆగిన బండి

ఏమంటివి మహేశ్వరూ, నీ కొత్త కారు డిఫరెన్షియల్ మస్తు గట్టిదా? సరే, కూసో. గట్టితనం సంగతి మన తిరుమల్‌ని అడగాలె, కరోనాల పాయె గని. సాగర్ రోడ్డు మీద నా మెకానిక్ షెడ్డు పక్కనే ఉండెటోడు, జీపుకు నీళ్ల ట్యాంకు తగిలిచ్చి నడిపెటోడు. తెలంగాణ అచ్చినంక ఒక ఎండకాలం పెద్ద చెరువు నెర్రెలు వారింది, బోర్లల్ల చుక్క లేదు. గుట్ట మీది ఇండ్లకు ఈని బండే దిక్కు. ఎక్కంగ సగంల మైసమ్మ ఇల్లు. ముసల్ది, ఒక్కతే, మోకాళ్లు పనిజెయ్యవు. ఈడు ఆ ఎత్తు మీదనే ఆపి ఆమె బిందెలు నింపి మల్ల బండి లేపెటోడు. ఆగిన బండి అంత బరువుతోని ఎత్తు మీద కదలాలంటె జోరంత యాడ పడ్తది? ఎనక ఇరుసు నడిమిట్ల గుండ్రటి డబ్బ, గదే డిఫరెన్షియల్, దాంట్ల పండ్ల చక్రం మీద. టక్కుమని ఇరిగె.

పాత కారుది ఏసినం. సన్న పండ్లు, గుట్టకు ఆగలే. ఇంకో జీపుది ఏసినం, జర నయం, గదీ పాయె. నాకు తిక్కలేసింది. "ఆపకురా, ఒక్క ఊపుల పైకి పో" అన్న. "మరి మైసమ్మకు, అన్న?" "ఎవలన్న మోసుకపోతరు తియ్." "ఎవలు? పేరు జెప్పు" అన్నడు. మొండోడు, అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు పోయి పాత సామాన్లల్ల చిన్న లారీది ఏరుకచ్చిండు. "గీ పన్ను మందం సూడన్న" అని బొటనేలు ఆనిచ్చి మురిసె. జీపుకు పట్టదురా అంటె ఇనలే. కోసి, అతికి, నా పానం దీసి పట్టిచ్చిండు.

ఆ పొద్దు నేను గూడ ఎక్కిన. మైసమ్మ తలుపు ఏసుంది. "ఇంట్ల లేదు, పోనియ్" అన్న. ఈడు ఆపనే ఆపిండు. దిగి తలుపు కొట్టిండు. లోపల్నించి, "పో కొడకా, నాకు దూప లేదు, నీళ్లు వద్దు. నా వల్ల నీ బండి పాడైతుంది." నడి ఎండకాలం, దూప లేదట. ఈడు వాకిట్ల కూలవడ్డడు. "తియ్ పెద్దమ్మా, తియ్యకుంటె బండి ఈన్నే ఉంటది." తీసింది. బిందెలు నింపి, ఎక్కి, క్లచ్చి ఇడిశిండు. బండి మూలిగింది, చక్రం కింద రాయి ఎగిరింది. నేను కండ్లు మూసుకున్న. ఇరగలే.

తెల్లారి పోతె ముసల్ది తలుపు బార్ల దీసి గడప మీద కూసుంది. సిగ్గువడుకుంట, "తలకు పోస్కోక ఎన్నొద్దులాయెనో కొడకా, ఇయ్యాల ఇంకో బిందె పోస్తవా?" అన్నది. ఈడు బకీటు, గిన్నె, గంజు, ఇంట్ల ఏదుంటె గది తెచ్చి నింపిండు.

ఆఁ... ఛాయ్ సల్లగైతుంది, తాగు.