ఊగే అంతస్తు

కొత్త చెక్క గ్రంథాలయం పై అంతస్తులో పనివాళ్ళు పుస్తకాల బీరువా మోసుకెళ్తున్నారు. మెట్ల దగ్గర కాంట్రాక్టరూ, ఇంజనీరైన అతని అన్న కూతురూ నిలబడ్డారు.

“ఇంత లావు బోల్టులు వేయించాను. ఏనుగెక్కినా విరగదు.”

“విరుగుతుందని ఎవరన్నారు బాబాయ్? ఊగుతోందంటున్నాను. బోల్టు చేత్తో తోస్తే దిగిపోవాలని రంధ్రాలు వదులుగా వేయించావా, లేదా?”

“పని తెమలాలి కదమ్మా.”

“అందుకే దూలం స్తంభాన్ని కలిసే ప్రతిచోటా బోల్టు ఆడుతోంది. నలుగురు నడిస్తే నేలంతా కదులుతోంది.”

“కొత్త చెక్క. పోనుపోను సర్దుకుంటుంది.”

“చెక్కెందుకు సర్దుకుంటుంది? చదువుకోవడానికొచ్చినవాళ్ళే సర్దుకోవాలి, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని. అన్నీ విప్పి, రంధ్రాలకు సరిగ్గా పట్టే బోల్టులు వేసి మళ్ళీ బిగించు.”

“అనవసరంగా భయపడుతున్నావు. నాకు లేని భయం నీకెందుకు?”

“భయం లేనివాడివి, బీరువా పక్కనుంచి వెళ్తుంటే మెట్ల కమ్మీ ఎందుకు పట్టుకున్నావు? ఇంకా వదల్లేదు.”